ఊపిరితిత్తిలో మచ్చ కనిపిస్తే

(సొసైటీ వార్షిక సమావేశంలో ఛాతీ వైద్యులొకరు చేసిన ప్రసంగ పాఠం)



ఆరోగ్యాన్ని గూర్చి ఏదైనా మాట్లాడమని కార్యదర్శిగారు అడిగినప్పుడు, ఏ విషయం కావాలన్నాను. "బి.పి., షుగరు గూర్చి ఏటా వింటూనే ఉన్నాము, వేరేది చెప్పండి" అన్నారు. అందుచేత ఈసారి ఒక చిన్న వస్తువును గూర్చి చెబుతాను. చిన్నదంటే నిజంగానే చిన్నది, కందిగింజంత. వైద్యభాషలో దానిని నాడ్యూల్ అంటారు.

మన ఇళ్ళలో ఈ మాట ఎవరూ వాడరు. రిపోర్టు చూసిన డాక్టరు "ఊపిరితిత్తిలో చిన్న మచ్చ ఉంది" అంటాడు. ఇంటికి వచ్చేసరికి అది "గడ్డ" అవుతుంది. సాయంత్రం పలకరించడానికి వచ్చిన బంధువుల నోట "దాగ్ ఉందంట, టి.బి. ఏమో" అవుతుంది. వీధి చివరకు పోయేసరికి "కాన్సరంట" అని స్థిరపడుతుంది. ఒక్క పూటలో ఇన్ని జబ్బులు! మనిషి మాత్రం పొద్దున ఎట్లా ఉన్నాడో అట్లాగే ఉన్నాడు.

కాబట్టి మొదట ఆ వస్తువేమిటో చూద్దాము. ఊపిరితిత్తి నిండా గాలి కనుక ఫిల్ములో నల్లగా పడుతుంది. ఆ నలుపులో గుండ్రంగా తెల్లగా ఒక చుక్క కనిపించి, దాని అడ్డుకొలత మూడు సెంటీమీటర్లు మించకపోతే దానిని నాడ్యూల్ అంటారు. మించితే వేరే పేరు, వేరే లెక్క. నాలుగు మిల్లీమీటర్లంటే పెసరగింజ. ఆరంటే కందిగింజ. ఎనిమిదంటే బఠాణీ. మూడు సెంటీమీటర్లంటే చిన్న నిమ్మకాయ. రిపోర్టులో మిల్లీమీటర్ల అంకె చూసి బెంబేలు పడేవారు ముందు వంటింట్లోకి వెళ్ళి డబ్బాలు తెరచి చూస్తే సగం భయం తగ్గుతుంది. పేరు మాత్రం జబ్బు పేరు కాదు. "గోడమీద మరక ఉంది" అన్నట్లే. నీళ్ళ మరకా, నూనె మరకా అన్నది ఆ మాట చెప్పదు.

ఇవి ఇదివరకు లేవా అంటే ఉన్నాయి, కనిపించలేదు. మామూలు ఎక్సురేలో సెంటీమీటరు లోపలివి చాలావరకు తప్పించుకుంటాయి. పక్కటెముక చాటున, గుండె చాటున ఉంటే పెద్దవి కూడా దాగుతాయి. 1971లో లండనులో హౌన్స్‌ఫీల్డ్ అనే ఇంజనీరు తయారుచేసిన సి.టి. యంత్రంతో మొదటి రోగికి స్కాను తీశారు. ఆ యంత్రానికి తరవాత వచ్చిన కొత్త రకాలు ఊపిరితిత్తిని మిల్లీమీటరు మందంలో పొరలు పొరలుగా చూపిస్తున్నాయి. ఆవగింజంతవి కూడా దొరుకుతున్నాయి. 2020, 2021 సంవత్సరాలలో కోవిడ్ కోసమని ఊరూరా స్కానులు తీశారు గదా. ఊపిరితిత్తులను గూర్చి జన్మలో ఆలోచించని వేలమందికి అప్పుడు ఈ చుక్కలు బయటపడ్డాయి.

ఎక్సురే విషయంలో ఒక మాట. చొక్కా గుండీ, ముందుకు వేసుకున్న జడ, మెడలోని తాయెత్తు, ఒక్కోసారి చనుమొన నీడ కూడా ఊపిరితిత్తిలో మచ్చవలె పడతాయి. కనుక ఎక్సురేలో అనుమానం వచ్చినప్పుడు మళ్ళీ సరిగా తీయడమో, సి.టి. చూడడమో మొదటి పని. ఏడుపులు తరవాత.

ఇక ఆ చుక్క ఎందుకు వస్తుంది? మన దేశంలో మొదట చెప్పుకోవలసింది క్షయ. ప్రపంచంలోని క్షయ రోగులలో దాదాపు నాలుగోవంతు మనవాళ్ళే. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం శానిటోరియం పేరు వింటేనే మన ముసలివాళ్ళు గొంతు తగ్గించేవారు. ఆ జబ్బు మన ప్రాంతానికి అంత పాత చుట్టం. అయితే ఆ క్రిమి లోపలికి పోయిన ప్రతి ఒక్కరికీ జబ్బు రాదు. ఎక్కువమందిలో శరీరమే దానిచుట్టూ గోడ కట్టేస్తుంది. చెట్టులో దిగిన మేకు చుట్టూ మాను పెరిగి మూసుకుపోయినట్లు. ఏళ్ళు గడిచేకొద్దీ అందులో సున్నం పేరుకుంటుంది. ఫిల్ములో తెల్లగా గట్టిగా కనిపించే ఆ సున్నపు గింజ ఎప్పుడో గెలిచిన యుద్ధానికి గుర్తు. నడిమధ్యనో, మొత్తంగానో, ఉల్లిపొరలవలెనో సున్నం నిండి ఉంటే దానికి మందూ వద్దు, మాకూ వద్దు.

క్షయ కాక ఇతర క్రిములు, బూజులు ఉన్నాయి. కొవ్వు కలిసి పెరిగే హానిలేని ముద్దలు ఉన్నాయి. ఊపిరితిత్తిలోపలే ఉండే చిన్న బిళ్ళలు ఉన్నాయి. ఎర్రగుంట్ల, బేతంచెర్ల వైపు నాపరాయి కోసి పాలిష్ పట్టేవారికి, కంకర మిషన్ల దగ్గర పనిచేసేవారికి రాతిదుమ్ము పేరుకొని రెండు వైపులా చిన్న చిన్న గింజలు పడవచ్చు. అట్టివారు తమ పని ఏమిటో డాక్టరుకు తప్పక చెప్పాలి. చాలామంది చెప్పరు, అడిగితే "కూలి" అంటారు.

చివరది కాన్సరు. అమెరికాలో 53 వేలమందికి పైగా, అందరూ 55 దాటినవారు, ఏళ్ళతరబడి సిగరెట్లు కాల్చినవారు, ఒక పెద్ద పరిశోధనలో పాల్గొన్నారు. 2011లో ఫలితాలు వచ్చాయి. సి.టి. స్కానులో అనుమానంగా కనిపించిన వాటిలో నూటికి 96 కాన్సరు కాదని తేలింది. అంతగా పొగతాగినవారిలోనే లెక్క ఇట్లా ఉంది. అదే పరిశోధనలో ఇంకొక సంగతి కూడా తేలింది. ఎక్సురేలు తీయించుకున్నవారితో పోల్చితే, సి.టి. తీయించుకున్నవారిలో ఊపిరితిత్తి కాన్సరు చావులు అయిదోవంతు తగ్గాయి. ఈ రెండు సంగతులనూ కలిపి పట్టుకోవాలి. మొదటిది ఒక్కటే పట్టుకున్నవారు నిర్లక్ష్యం చేస్తారు. రెండవది ఒక్కటే పట్టుకున్నవారు నిద్ర పాడుచేసుకుంటారు.

ఎందుకంటే సెంటీమీటరు లోపల, ఎక్కడికీ పాకకముందు దొరికిన ఊపిరితిత్తి కాన్సరును ఆపరేషనుతో తీసేస్తే, అయిదేళ్ళ తరవాత నూటికి 90 మంది దాకా బ్రతికి ఉంటున్నారు. దూరపు అవయవాలకు పాకిన తరవాత దొరికితే పదిమందిలో ఒకరు. మన దేశంలో ఎక్కువమంది ఆలస్యంగానే వస్తున్నారు.

మరి ఇది మంచిదో చెడ్డదో మొదటి స్కానులోనే తేలదా? కొన్ని తేలతాయి. సున్నం నిండినది, కొవ్వు కలిసినది మంచివే. అంచులు నున్నగా కాక ముళ్ళు ముళ్ళుగా ఉంటే, ఊపిరితిత్తి పైభాగంలో ఉంటే, మనిషి వయస్సు ఎక్కువై పొగ అలవాటు ఉంటే అనుమానం పెరుగుతుంది. తక్కినవాటిలో ఒక్క ఫొటో చూసి చెప్పడం ఎంతటివారికీ సాధ్యం కాదు. రక్తపరీక్షకు దొరకదు. పెట్ స్కానంటే చక్కెరను ఎక్కువగా పీల్చే చోటు వెలిగి కనిపించే పరీక్ష. బఠాణీకంటే చిన్నవాటిలో దానిని నమ్మలేము. పైగా మన దేశంలో క్షయ కూడా అట్లాగే వెలుగుతుంది. కాబట్టి అది వెలగగానే కాన్సరని తీర్పు చెప్పుకోరాదు.

అసలు సాక్ష్యం కాలం ఇస్తుంది. క్రిమివల్ల వచ్చిన వాపు రోజులలో, వారాలలో పెరుగుతుంది, తగ్గుతుంది. పాత గాయపు మచ్చ ఏళ్ళు గడిచినా కదలదు. గట్టి నాడ్యూల్ రూపంలోని కాన్సరు ఈ రెంటికీ మధ్యన నడుస్తుంది. దాని ఘనం రెండింతలు కావడానికి సాధారణంగా మూడు నెలలు మొదలు ఏడాది పైచిలుకు పడుతుంది. ఘనం రెండింతలంటే అడ్డుకొలత రెండింతలు అనుకోకండి. లడ్డూ వెడల్పు నాలుగోవంతు పెరిగితే చాలు, పిండి దాదాపు రెండింతలు పడుతుంది. ఆడవారికి నేను చెప్పనక్కరలేదు. అంటే 8 మిల్లీమీటర్లది 10 అయితే అది రెండింతలైనట్లే. ఇద్దరు డాక్టర్లు కొలిస్తే ఒకటి, ఒకటిన్నర మిల్లీమీటరు తేడా రావడం సహజం గనుక, రెండు మిల్లీమీటర్లు పెరిగితేనే నిజంగా పెరిగినట్లు లెక్క.

ఇది తెలిస్తే "మూడు నెలలు ఆగి రండి" అన్న డాక్టరు మీద కోపం రాదు. చాలామంది అంటారు: "ఏమీ చేయకుండా పంపేశాడండీ, వేరే డాక్టరు దగ్గరకు పోదాము." ఆ మూడు నెలలూ పరీక్షలో భాగమే. తొందరపడి నెలకే స్కాను తీయిస్తే మార్పు కనిపించదు, డబ్బు దండగ, పైగా "ఏమీ లేదు" అన్న అబద్ధపు ధైర్యం.

గడువులు ఎట్లా పెడతారంటే, 2017లో ఫ్లైష్నర్ సొసైటీ అనే ఛాతీ స్కాను నిపుణుల సంఘం సవరించిన పద్ధతినే ఎక్కువమంది డాక్టర్లు అనుసరిస్తారు. గట్టి నాడ్యూల్ ఒక్కటే ఉండి, ఆరు మిల్లీమీటర్ల లోపలిదైతే, పొగ అలవాటు వంటివి లేనివారికి మళ్ళీ స్కాను అక్కరలేదు. ఉన్నవారికి ఏడాదికి ఒకసారి చూడవచ్చు. ఆరు నుంచి ఎనిమిది లోపు ఉంటే ఆరు నెలలకో ఏడాదికో ఒకటి, అవసరాన్నిబట్టి ఏడాదిన్నర రెండేళ్ళకు ఇంకొకటి. ఎనిమిది దాటితే మూడు నెలలకు స్కాను, లేదా పెట్, లేదా ముక్క తీసి పరీక్ష. రెండేళ్ళు కదలని గట్టి మచ్చను ఇక వదిలేయవచ్చు. అద్దంమీద ఊదిన ఆవిరివలె మసకగా కనిపించే రకం ఒకటుంది. అది నత్తనడక నడుస్తుంది గనుక, ఆరు మిల్లీమీటర్లూ ఆపైన ఉంటే దానిని అయిదేళ్ళు కనిపెట్టి ఉండాలి. 35 ఏళ్ళ లోపువారికి, ఇదివరకు కాన్సరు వచ్చినవారికి, రోగనిరోధక శక్తి తగ్గినవారికి ఈ గడువులు వర్తించవు. వారి సంగతి డాక్టరు విడిగా చూస్తాడు. గడువు లోపల దగ్గులో నెత్తురు పడినా, బరువు తగ్గుతున్నా, గొంతు బొంగురుపోయి రెండు మూడు వారాలైనా బాగుపడకపోయినా, సాయంత్రంపూట జ్వరం వస్తున్నా గడువు కోసం కూర్చోకూడదు.

ఇంతవరకు పుస్తకంలో ఉన్నది చెప్పాను. ఇకమీదట మన వీధుల్లో జరిగేది చెబుతాను.

మన కడప, రాయచోటి వైపు నుంచి కువైట్‌కు పోయే మగవారూ ఆడవారూ ఎంతమందో మీకు తెలుసు. వీసాకు ముందు మెడికల్, అందులో ఛాతీ ఎక్సురే. పాత మచ్చ కనిపిస్తే "అన్‌ఫిట్" అని ముద్ర. ఆ ఇంట్లో ఆ రోజు చర్చ అంతా అప్పుల గురించే. ఏజెంటుకు ఇచ్చిన డబ్బు, తాకట్టు పెట్టిన నగలు. ఊపిరితిత్తి ఎవరికీ గుర్తుండదు. "ఇంకో ఊళ్ళో తీయిద్దాము", "వేరేవాళ్ళ ఫిల్ము పెడదాము" అనే సలహాదారులు కూడా తయారవుతారు. అట్లా వచ్చిన 28 ఏళ్ళ కుర్రవానిని నేను చూశాను. గళ్ళ పరీక్షలో క్రిమి లేదు. సి.టి.లో అది సున్నం నిండిన గింజ. చిన్నప్పుడు నానీకి క్షయ ఉండేదట, ఆమె పక్కలోనే పడుకునేవాడట. వీసా అయితే పోయింది, దానికి నేను చేయగలిగింది లేదు. కాని అతనికి రోగం లేదు, మందు అక్కరలేదు అన్నమాట వాళ్ళ అమ్మీకి రెండుసార్లు చెప్పవలసి వచ్చింది. అదే ఫిల్ములో పనిచేస్తున్న క్షయ ఉండి, దానిని దాచుకొని విమానం ఎక్కితే ఏమయ్యేది? అక్కడ పదిమంది పడుకునే గదిలో పదిమందికీ ఇచ్చేవాడు.

రెండవ సంగతి ఇంకా బాధాకరమైనది. మచ్చ అనగానే టి.బి. మందులు మొదలుపెట్టడం. క్షయ ఎక్కువ గనుక ఆ అనుమానం తప్పు కాదు. కాని గళ్ళ పరీక్ష చేయకుండా, క్రిమి ఉందో లేదో చూడకుండా ఆరు నెలల మందులు రాసేవారున్నారు. ఒక టైలరు, బీడీలు తాగే మనిషి, 60 ఏళ్ళవాడు, అట్లా ఆరు నెలలు వాడి నా దగ్గరకు వచ్చాడు. మొదట సెంటీమీటరున్నర ఉన్నది మూడు సెంటీమీటర్లు దాటింది. అది టి.బి. కాదు. కనుక టి.బి. మందులు మొదలుపెడుతున్నామని ఎవరు చెప్పినా, మర్యాదగానే, రెండు ప్రశ్నలు అడగండి. ఏ పరీక్షలో తేలింది? మళ్ళీ ఫొటో ఎప్పుడు? రెండు మూడు నెలల మందుల తరవాత కూడా మచ్చ తగ్గకపోతే, పెరిగితే, ముక్క తీసి పరీక్షించే మాట ఎత్తవలసిందే. సర్కారు ఆసుపత్రిలో గళ్ళలో క్రిమిని కనిపెట్టే పరీక్ష ఉచితం, క్షయ అని తేలితే మందులూ ఉచితం. తేలిన తరవాత మాత్రం ఒక్కరోజు కూడా మానకూడదు. నా మాట విని మందులు మీ అంతట మీరు ఆపేయకండి, అది ఇంకో ప్రమాదం.

మూడవది మరచిపోవడం. అందరికంటే ఎక్కువమందిని దెబ్బతీసేది ఇదే. 2021 మే నెల గుర్తుందా? స్కాను రిపోర్టు చేతికి రాగానే "25కి ఎంత?" అని అడిగేవాళ్ళము. పరీక్ష మార్కులవలె ఆ అంకె ఒక్కటే చూసేవాళ్ళము. ఒక కుటుంబంలో పెద్దాయనకు 25కి 8 వచ్చింది. గండం గడిచిందని అందరూ సంతోషించారు. రిపోర్టు చివర ఇంకొక వాక్యం ఉంది: కుడివైపు పైభాగంలో 9 మిల్లీమీటర్ల నాడ్యూల్, మూడు నెలల తరవాత మళ్ళీ చూడవలెను. ఎవరూ చదవలేదు. ఆ ఫైలు ప్లాస్టిక్ కవరులో కట్టి బీరువామీద పెట్టేశారు. 2023 చివరలో గొంతు బొంగురుపోయి వచ్చారు. అప్పటికి నాలుగున్నర సెంటీమీటర్లు, ఛాతీ మధ్యలోని బిళ్ళలకు కూడా పాకింది. పాత ఫిల్ము తెమ్మంటే కొడుకు తెచ్చాడు. వెలుగులో పెట్టి చూపించినప్పుడు ఆ అబ్బాయి మొహం నేను మరచిపోలేను. అతని తప్పేమీ లేదు. ఆ రోజుల్లో ఆక్సిజన్ సిలిండరు కోసం పరుగెత్తినవాడు అతనే. మందులతో పెద్దాయన ఇంకొక ఏడాది పైన ఉన్నారు.

అదే 2021లో స్కాను తీయించుకున్న మరొక ఆమె, ఎన్నడూ పొగ తాగని ఇల్లాలు, 7 మిల్లీమీటర్ల మచ్చతో వచ్చింది. చెప్పిన గడువులకు రెండు స్కానులు తీయించుకుంది. రెండేళ్ళకు అది అంతే ఉంది. ఇక రానక్కరలేదు అంటే "అయితే ఊరికే తిరిగినట్లేనా డాక్టరుగారూ" అని నవ్వింది. ఊరికే తిరగడమే మంచిదమ్మా అన్నాను.

పొగ తాగని ఆడవారికి ఊపిరితిత్తి కాన్సరు రాదనుకోకండి. తక్కువే గాని వస్తుంది. కట్టెలపొయ్యి పొగ, ఇంట్లో మగవారు వదిలే పొగ కూడా లెక్కలోనివే. బీడీ చిన్నది గనుక సిగరెట్టుకంటే మేలు అన్నది వట్టి మాట.

మన ఆడవారు స్కానుకు వెనుకాడే కారణాలు నాకు తెలుసు. బట్టలు విప్పాలేమో అని. ఛాతీ స్కానుకు లోహపు హుక్కులు, నగలు లేని గౌను వేసుకుంటే చాలు. ఆడ టెక్నీషియన్ ఉన్న వేళ ఏదో ముందుగా ఫోనుచేసి కనుక్కోవచ్చు. మచ్చ పెరిగిందా లేదా చూసే మామూలు స్కానుకు ఇంజెక్షన్ ఉండదు, తాగేదీ ఉండదు, అయిదు నిముషాల పని. రంజాన్ వచ్చిందని గడువు దాటించనక్కరలేదు. పండుగ, పెళ్ళి, ఆ తరవాత ఇంకో పెళ్ళి, ఇట్లా ఆరు నెలలు పోతాయి.

ఇక కాగితాల సంగతి. ఫిల్ములు పారేయకండి, మందులషాపులో చుట్టి మరచిపోకండి. ఇప్పుడు సి.డి. కూడా ఇస్తారు, అడిగి తీసుకోండి; ఫిల్ముకంటే అదే మేలు, అన్ని పొరలూ అందులో ఉంటాయి. వీలైతే తరవాతి స్కాను అదే చోట తీయించండి, కొలత సరిపోల్చడం సులువు. రిపోర్టు చివరి పేరా చదవండి. ఇంగ్లీషు రాకపోతే చదివే పిల్లలచేత చదివించండి. తరవాతి స్కాను నెల, సంవత్సరం రేషన్ కార్డు, ఆధార్ పెట్టుకునే కవరుమీద పెద్ద అక్షరాలతో రాయండి. వేలూరుకో తిరుపతికో పోతే పాత ఫిల్ములు లేకుండా పోకండి. పాతది చేతిలో ఉంటే మూడు నెలల ఎదురుచూపు ఒక్కోసారి మూడు నిముషాల్లో తేలిపోతుంది. పదేళ్ళ క్రితం పాత ఎక్సురేలో కూడా ఆ మచ్చ అట్లాగే ఉంటే ఇంకేం కావాలి?

ప్రసంగం తరవాత అడిగిన ప్రశ్నలలో రెండింటిని ఇక్కడ చేర్చమన్నారు.

ఒకరు అడిగారు: ఇన్ని స్కానులు తీస్తే ఆ కిరణాలవల్లనే జబ్బు రాదా అని. నాడ్యూల్ కోసం తీసే తక్కువ మోతాదు స్కానులో పడే కిరణాలు, మనమీద నేలనుంచి ఆకాశంనుంచి ఏడాదిలో సహజంగా పడేవాటికంటే తక్కువే. గడువుకు తీసే రెండు మూడు స్కానులకు భయపడనక్కరలేదు. అయితే "ఎందుకైనా మంచిది" అని ఆరోగ్యంగా ఉన్న కుర్రవాళ్ళకు ఊరికే తీయించడాన్ని నేను ఒప్పుకోను.

వెనుక వరుసలోని ఒక పెద్దమ్మ అడిగిన ప్రశ్న: "సూది గుచ్చితే, కత్తి పెడితే అది ఒళ్ళంతా పాకుతుందంటారే నాయనా?" ఈ మాట నేను వారానికి ఒకసారైనా వింటాను. సూది దారిన కాన్సరు పాకడం లేకపోలేదు గాని చాలా అరుదు. సూది పరీక్షలో తరచుగా వచ్చే ఇబ్బంది వేరు. ఊపిరితిత్తి చుట్టూ కొంచెం గాలి చేరడం. ఎక్కువమందికి అది దానంతటదే తగ్గిపోతుంది. కొందరికి రెండు మూడు రోజులు గొట్టం పెట్టవలసి వస్తుంది. ఆ సంగతి ముందే చెప్పి, సంతకం తీసుకొని చేస్తారు. కత్తి పెట్టిన తరవాత పాకిందని జనం చెప్పుకునే కేసులలో చాలావరకు పెట్టేనాటికే పాకి ఉంటుంది పెద్దమ్మా.